చెయ్యెత్తని వరస

పదకొండో తూము. కార్తీక శుద్ధ పాడ్యమి. ఆటు.

నీళ్ళు కట్ట నడుము దాకా ఉన్నాయి. తలుపులు మూసే ఉన్నాయి. కారుతున్న చోటు లేదు. లోపలి వైపు పేరుకున్న గుర్రపుడెక్క కొక్కెంతో లాగి గట్టున పడేశాను. పళ్ళచక్రానికి గ్రీజు పెట్టాలి.

తూము కాసే లస్కరు చెప్పాల్సింది ఇంతే. ఇదివరకు తలుపు పక్కన బొగ్గుతో గీతలు గీసేవాళ్ళం. అందులో సగం వానకి పోయేవి. ఈ ఏడు తూముకో పెట్టె బిగించారు. పని దిగేముందు దాని ఎదురుగా నిలబడి మాట చెప్పాలి, అది రాసుకుంటుంది. నేను చెప్పడం అయిపోయినా దాని ఎర్రదీపం ఆరలేదు. ఇంకేమన్నా ఉందా అన్నట్టు నావంకే చూస్తోంది. సరే, ఉంది. రాసుకో.

నా పేరు ఏడుకొండలు. పదమూడో ఏట ఈ కట్ట ఎక్కాను, ఇంకా దిగలేదు. నాకు రాయడం రాదు, చదవడమూ రాదు. ఈ కట్ట మీద మగవాళ్ళలో ఎవరికీ రాదు. అందులో సిగ్గేమీ లేదు. సిగ్గుపడాలంటే వచ్చినవాడొకడు పక్కన ఉండాలి కదా.

మా ఆవిడ తాయారుకి వచ్చు. ఆవిడ మట్టాల గదిలో పని చేస్తుంది. ఏ తూము దగ్గర నీళ్ళెంత ఉన్నాయి, ఏ తలుపు ఎప్పుడు ఎత్తాలి అని అక్కడ ఆడవాళ్ళు చదివి చెప్తారు, ఇక్కడ మేం ఎత్తుతాం, దించుతాం. మందుల గది, విత్తనాల గది, పడవల గది, అన్నిచోట్లా వాళ్ళే. పనులు ఇలా పంచుకుందామని ఎవరూ అనుకోలేదు. అలా అయిపోయిందంతే.

పొద్దున్న గంజి తాగుతుంటే తాయారు అంది, "ఏవయ్యా, వింటన్నావా? మనోడు ఈ పౌర్ణమికి గట్టెక్కేత్తాడంట."

"ఎక్కితే ఏవైందే? నేనెక్కలేదా?"

"అదే కదయ్యా నా ఏడుపు" అంది.

కార్తీక పౌర్ణమికి పెద్ద పోటు వస్తుంది. బడి అయిపోయిందనిపించుకున్న మగపిల్లల్ని ఆ రోజు కట్ట మీదికి ఎక్కిస్తారు. కొత్త బూట్లు తొడిగి, చేతిలో లడ్డూ పెట్టి, చెవిలో పెట్టుకుని పాఠాలు వినే బడి గింజ తీసేస్తారు. ఇక బడి ఉండదు. మా వాడు నిశాంత్‌కి పదమూడు నిండుతున్నాయి. తాయారు ఇంకా ఏదో అంటోంది, కానీ నాకు వేళైపోయింది.

తదియ. పోటు.

నీళ్ళు కట్ట భుజం దాకా. తలుపులు మూసే ఉన్నాయి.

బడి చూసే ఇందుమతి గారు పడవలో వచ్చింది. కొత్తగా వేశారావిణ్ణి, ఎక్కడో గుట్టల మీది ఊరు. కట్ట ఎక్కి అవతలికి చూసి గబుక్కున కింద కూర్చుండిపోయింది. అవతల సముద్రం మా ఇళ్ళ కప్పులకంటే ఎత్తున ఉంటుంది. కొత్తవాళ్ళకి మొదటిరోజు అన్నం సయించదు. మజ్జిగ ఇచ్చాను.

"మీ అబ్బాయి రికార్డంతా పచ్చగా ఉందండీ" అంది. "ఎక్కడా ఆగలేదు, ఒక్క పాఠం వెనకబడలేదు. చూసి ముచ్చటపడ్డాను. తీరా ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చదవమంటే, ఒక్క ముక్క చదవలేకపోయాడు. వాడు కూర్చునే వరసలో మగపిల్లలు పన్నెండు మందీ అంతేనండీ."

"నేనూ అంతేనండి" అన్నాను.

ఆవిడ నావంక చూసి, మజ్జిగ గ్లాసువంక చూసి, మెల్లిగా చెప్పింది. గింజ పాఠం చెప్తుందట. అర్థం కానివాడు చెయ్యెత్తాలట. ఎత్తితే పైనున్న కన్ను చూస్తుంది, పాఠం ఆగుతుంది, ఆ పిల్లవాడొక్కడి చెవిలోనే మళ్ళీ విడమరిచి చెప్తుంది. ఎవరూ ఎత్తకపోతే అర్థమైందనుకుని ముందుకి పోతుంది. హాలునిండా పిల్లలు ఒకేసారి మాట్లాడతారు కాబట్టి నోటితో అడిగేది దానికి పట్టదట.

"మీ వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెయ్యెత్తలేదండీ. ఒక్కసారంటే ఒక్కసారి. పదమూడు నిండేలోపు ఒక్క చెయ్యి కనబడితే వాడికి మొదటినుంచీ మళ్ళీ చెప్పే వీలుంది. లేకపోతే వీడికి బడి అక్కర్లేదని లెక్క. పౌర్ణమికి గింజ తీసేస్తారు. ఒక్క చెయ్యి చాలండీ. ఎందుకెత్తడు?"

ఎందుకెత్తడో నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు, పైగా ఎనిమిదో తూము నుంచి తలుపు దించమని దీపం వెలిగింది. దించాను. వచ్చేసరికి ఆవిడ పడవెక్కింది.

పంచమి. ఆటు.

నీళ్ళు కట్ట నడుముకి కాస్త పైన. ఆరో కమ్మీకి తుప్పు పట్టింది, గీకాను.

ఇంట్లో అన్నాల దగ్గర మా అమ్మాయి హంసిని చెయ్యెత్తింది. బడిలో అలవాటు ఇంటిదాకా తెచ్చుకుంటుంది. "నాన్నా, ఎండుచేప ఇంకో ముక్క ఉందా?" ఉంది, వేశాను. ఎవరం ఏమీ అనలేదు. అదే నిశాంత్ అయిదేళ్ళప్పుడు చెయ్యెత్తి ఉంటే ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒకేసారి అరిచేవాళ్ళు, "చెయ్యి దించరా, నీళ్ళని పిలుత్తావా!" అని.

పెట్టెకి ఈ సంగతి తెలియకపోవచ్చు, కొత్తది కదా. కట్ట మీద గాలి హోరులో అరుపు వినబడదు. ఎత్తిన చెయ్యి ఒక్కటే కనబడుతుంది. చెయ్యి లేచిందంటే ఎవడో మునుగుతున్నాడని. ఆ చెయ్యి చూసిన ప్రతివాడూ ఉన్న పని వదిలేసి తలుపు దించి పరుగెత్తాలి. మనిషిని బయటికి లాగేదాకా ఎవడూ వెనక్కి పోకూడదు. ఇది కట్ట మాట. కాబట్టి కట్ట మీది మగవాడు ఇంక దేనికీ చెయ్యెత్తడు. దణ్ణం ఛాతీ దగ్గరే పెడతాం. నెత్తి గోక్కోవాలన్నా తల వంచి గోక్కుంటాం. బట్టలు తీగ మీద ఆరేసేది ఆడవాళ్ళే. నడక వచ్చిన రోజునుంచీ మగపిల్లలకి ఇదే నేర్పుతాం. ఆడపిల్లలు తూముల మీదికి రారు కాబట్టి వాళ్ళకి ఎవరూ చెప్పరు.

తాయారు కంచం పక్కకి నెట్టి వాడివైపు తిరిగింది. "ఒక్కసారి ఎత్తరా నాన్నా. ఎవరూ చూడకుండా ఇంత ఎత్తు చాలు."

"అందరూ చూత్తారు" అన్నాడు వాడు.

"చూత్తే ఏం?"

"మా వరసలో ఎవడూ ఎత్తడమ్మా. ఎత్తితే మునిగాడంటారు. త్రినాథ్‌గాడు ఊరంతా చెప్పేత్తాడు." త్రినాథ్ అంటే మా మేస్త్రీ బంగారయ్య గారి మనవడు, వీడి పక్కనే కూర్చుంటాడు.

"నువ్వు చెప్పవేవయ్యా!" అని తాయారు నామీద పడింది. నేనేం చెప్పను? వాడు అన్నది నిజమే. చెయ్యి కడుక్కుని లేచాను. 

సప్తమి.

నీళ్ళు మందం. పోటూ లేదు, ఆటూ లేదు.

గ్రీజు అయిపోతే గోదాము నుంచి రెండు డబ్బాలొచ్చాయి. ఇదివరకు గ్రీజు డబ్బా మీద ఏనుగు బొమ్మ, గుల్ల పట్టకుండా పూసే రంగు డబ్బా మీద చేప బొమ్మ ఉండేవి. ఇప్పుడు బొమ్మలు తీసేసి ఉత్త అక్షరాలు వేశారు. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ జిగటగానే ఉంటాయి. నిశాంత్ నాకు అన్నం క్యారేజీ తెచ్చాడు. బళ్ళో చదివేవాడు కదా అని రెండు డబ్బాలూ వాడి ముందు పెట్టాను.

"ఏది గ్రీజు?"

వాడు రెండూ చూశాడు. ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి, పెదాలు కదిపి, "ఇది" అన్నాడు. ఎక్కడా తడబడలేదు. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఆ మాట ఎందుకు దాచాలి. ఇద్దరం కలిసి పళ్ళచక్రం నిండా దట్టంగా పూశాం.

అష్టమి.

తలుపు బిగుసుకుపోయింది. చక్రానికి పూసింది రంగు. రాత్రికి రాత్రి ఎండి రాయిలా అయింది.

మేస్త్రీ బంగారయ్య గారు వచ్చి చూసి ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు. "ఈ రోజు నీళ్ళు మందం కాబట్టి సరిపోయింది. ఇదే పౌర్ణమి పోటులో అయితే కింద వీధి ఉండేదేంట్రా?" ఆయన అన్నది నిజమే. కింద వీధిలోనే మా ఇల్లు.

పొద్దుటినుంచి ఉలితో గీకుతున్నాను. నిశాంత్ కూడా వచ్చి గీకాడు. ఎవరం ఆ డబ్బా మాట ఎత్తలేదు. చాలాసేపయ్యాక నేనే అడిగాను.

"తెలీదని చెప్తే పోయేది కదరా."

వాడు ఉలి ఆపలేదు. "నువ్వూ ఎప్పుడూ చెప్పవు కదా నాన్నా" అన్నాడు. ఎదురు తిరిగి అన్నట్టు లేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

తర్వాత గట్టుమీద కూర్చుని అన్నం తిన్నాం. వాడు అవతలి నీళ్ళవైపు చూస్తూ, నాతో కాదు, నీళ్ళతో అన్నట్టు, "పౌర్ణమికి నీళ్ళెందుకు పెరుగుతాయో నాకు తెలీదు" అన్నాడు.

"పెరుగుతాయంతే" అన్నాను.

వాడు తలూపాడు.  వాడి మొహం చూశాను. ఆ మొహంలో ఏమీ లేదు. బాధ లేదు, విసుగు లేదు, ఏమీ లేదు. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో నేను చూసే మొహమే అది. నా చెవిలో గింజ తీసినప్పుడు కొన్నాళ్ళు ఆ చెవి పక్క ఖాళీ అయినట్టుండేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయిందనే ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. వీడికి ఇంకా గింజ తియ్యనే లేదు, అప్పుడే అలవాటైపోయింది.

నాకు భయం వేసింది. నీళ్ళంటే ఎప్పుడూ వెయ్యలేదు. నా కొడుకు మొహం చూస్తే వేసింది.

దశమి. పోటు మొదలు.

నీళ్ళు కట్ట నడుము దాటాయి. చక్రం తిరుగుతోంది, కిర్రుమంటోంది.

తాయారే వెళ్ళి ఇందుమతి గారికి మా కట్ట మాటంతా చెప్పేసిందట. ఆవిడ గింజని తయారుచేసిన వాళ్ళకి కబురు పెడతానని, కానీ జవాబు వచ్చేసరికి సంక్రాంతి దాటుతుందని, పౌర్ణమి ఆగదని అంది. ఈలోగా వచ్చి ఒకసారి బడి చూడమని నాకు కబురు పెట్టింది.

వెళ్ళాను. పదమూడేళ్ళప్పుడు బయటికొచ్చిన గుమ్మం. బడిలో చప్పుడు లేదు. హాలునిండా పిల్లలున్నారు, ఒక్క చప్పుడు లేదు. పాఠమంతా వాళ్ళ చెవుల్లో నడుస్తోంది. ఆడపిల్లల వరసల్లో చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఎత్తిన పిల్ల నెత్తిన పసుపు దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆ పిల్ల మొహం విప్పారుతుంది, చెయ్యి దించుతుంది. హంసిని నేనున్న కాస్తసేపట్లో మూడుసార్లు ఎత్తింది.

చివర్న మావాళ్ళ వరస. పన్నెండు మందీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చుని ఉన్నారు. పొరపాటున కూడా లేవకుండా. వాళ్ళ నెత్తిన అందరికీ పచ్చదీపాలు.

నేనూ అలాగే కూర్చునేవాణ్ణని అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కేవి.

"వాడి చెయ్యి పట్టుకుని నేను ఎత్తితే చెల్లదాండి?" అని అడిగాను ఇందుమతి గారిని.

"తాయారమ్మ గారూ అదే అడిగారండీ. తాడు కట్టి లాగుతానన్నారు" అంది. "చెల్లదండీ. చెయ్యెత్తి వాడు ఏదో ఒకటి అడగాలి."

ద్వాదశి. పోటు.

నీళ్ళు కట్ట భుజం దాకా. ఈదురుగాలి.

బూట్లు వచ్చాయి. మేస్త్రీ గారు తానే మోసుకొచ్చి ఇంటింటికీ ఇచ్చాడు. ఆయన మనవడు త్రినాథ్ కూడా ఈ పౌర్ణమికే ఎక్కుతున్నాడు. పెద్దాయన మొహం వెలిగిపోతోంది.

"మీవోడు నీ పక్కనే పదకొండో తూము మీద నిలబడతాడు. ఆయ్, తండ్రీ కొడుకూ! చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు."

నిశాంత్ బూట్లు తొడుక్కుని ఇంట్లో నాలుగడుగులు నడిచాడు. బాగున్నాయా అంటే బాగున్నాయన్నాడు. నొక్కుతున్నాయా అంటే లేదన్నాడు. విప్పాక చూస్తే మడమలు రెండూ ఎర్రగా కమిలి ఉన్నాయి. తాయారు వాటికి కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది. వాడు గోడవైపు చూస్తూ రాయించుకున్నాడు.

హంసిని నా దగ్గరకొచ్చి, "నాన్నా, అన్నయ్యకి రాదని నాకు ముందే తెలుసు" అంది. "నేను పైకి చదివితే విని గుర్తుపెట్టుకుంటాడు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పేస్తాడు. నాకంటే వాడికే ఎక్కువ గుర్తుంటుంది."

ఆ మాట నా బుర్రలో తిరుగుతోంది. వాడికి బుర్ర లేదని ఎవరన్నా అంటే సరేనని సరిపెట్టుకునేవాణ్ణి. ఉంది. అందుకే నిద్ర పట్టడం లేదు.

పౌర్ణమి.

నిన్న మాట చెప్పలేదు. ఇవాళ కూడా చెప్పే హక్కు నాకు లేదు. ఎందుకో చెప్తాను, రాసుకో.

నిన్న చతుర్దశి. పొద్దున్నే పోటు లేస్తోంది. తాయారు మట్టాల గదికి, పిల్లలు బడికి వెళ్ళారు. నేను తలుపు మీది దూలం ఎక్కి నిలబడ్డాను. అటు పదో తూము మనుషులూ ఇటు పన్నెండో తూము మనుషులూ కనబడుతున్నారు. కుడిచెయ్యి ఎత్తాను.

ఎంత తేలికో అంత కష్టం. మోచెయ్యి చెవి దాటాక ఇక అది నా చెయ్యిలా లేదు. చంకలోకి గాలి చల్లగా తగిలింది. పదో తూము తలుపు దభీమని దిగింది, ఆ వెనక తొమ్మిది, ఎనిమిది. ఇటు పన్నెండు, పదమూడు. ఆ చప్పుడు కట్ట పొడుగునా పోయింది. బూట్ల పరుగులు వినబడ్డాయి. అందరికంటే ముందు మేస్త్రీ గారు, నడుముకి తాడు చుట్టుకుంటూనే వచ్చాడు, ఆ వయసులో.

"ఎవడ్రా? ఎవడు పడ్డాడు?"

"మావోడండి. నిశాంతు."

"ఏ పక్క?" అప్పటికే ఒక బూటు విప్పేశాడు.

"బళ్ళోనండి."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక లాగి ఒక్కటి కొట్టాడు. దూలం మీంచి పడబోయి కమ్మీ పట్టుకున్నాను.

"అబద్ధపు చెయ్యెత్తుతావా? తలుపులన్నీ దించేశాం కదరా! మతిపోయిందా నీకు?"

"అబద్ధం కాదండి. వాడు రోజూ నా కళ్ళముందే మునుగుతున్నాడు. వాడికి ఒక్క అక్షరం రాదు. రాదని చెప్పడు. తెలీని డబ్బా చూపించి ఇదే గ్రీజన్నాడు, తెలీదనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు. రేపు వాడి గింజ తీసేత్తారు. నాకు తీసినట్టే. మీకు తీసినట్టే." చుట్టూ ఉన్నవాళ్ళని చూశాను. ఎవరూ నావైపు చూడటం లేదు. "చెయ్యెత్తాక మనిషిని లాగేదాకా ఎవడూ వెనక్కి పోకూడదని నాకు నేర్పింది మీరే కదండి. లాగండి మరి."

మేస్త్రీ గారు ఒకసారి నీళ్ళవైపు చూశాడు.  తర్వాత విప్పిన బూటు తొడుక్కున్నాడు.

"ఇద్దరు ఇక్కడుండండి, తలుపులు ఎత్తకండి. మిగతావోళ్ళు పదండి" అన్నాడు. నాతో మాత్రం, "నీ సంగతి తర్వాత చూత్తాను" అన్నాడు.

బడి హాల్లోకి బురద బూట్లతో ఇరవైమంది దిగాం. ఆడపిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. హంసిని సిగ్గుతో బల్ల కిందికి వంగిపోయింది. ఇందుమతి గారు పక్కకి జరిగి దారి ఇచ్చింది. మావాళ్ళ వరసలో ఒక్కడూ కదల్లేదు. చేతులు తొడల కిందే ఉన్నాయి.

మేస్త్రీ గారు తాడు భుజాన వేసుకునే వెళ్ళి నిశాంత్ ముందు నిలబడ్డాడు. త్రినాథ్ పక్కనే ఉన్నాడు, తాతని చూసి తల దించుకున్నాడు.

"ఒరే నిశాంతూ. మునిగిపోతన్నావంట. నిజవేనా?"

వాడు నావైపు చూశాడు. నా చెంప వాచి ఉంది. కిందికి చూశాడు.

"ఆఁ తాతా."

"ఎప్పట్నించి?"

"తెలీదు. చాలా రోజులైంది."

పెద్దాయన, "మరి చెయ్యెత్తవేరా!" అన్నాడు, గట్టిగా, కోపంగా. కట్ట మీద మునిగిపోతూ కూడా చెయ్యెత్తనివాణ్ణి తిట్టే తిట్టు అది.

నిశాంత్ తొడ కింద నుంచి కుడిచెయ్యి లాగాడు. అది ఎర్రగా కందిపోయి ఉంది, బల్ల గాడులన్నీ దానిమీద పడ్డాయి. చెవి దాకా ఎత్తాడు. ఆగాడు. అక్కణ్ణుంచి నెత్తి మీదికి ఎత్తాడు. మా వెనక వరసలో ఉన్నవాళ్ళు అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకేశారు. ఒకడు మేస్త్రీ భుజం మీది తాడు అందుకోబోయాడు.

వాడి నెత్తిన పచ్చదీపం పోయి పసుపు వెలిగింది.

"పౌర్ణమికి నీళ్ళెందుకు పెరుగుతాయి?" అన్నాడు వాడు.

జవాబు వాడి చెవిలోకే వెళ్ళింది. మాకేమీ వినబడలేదు. వాడు వింటున్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి, విడిపోయాయి, ఒకసారి కిటికీలోంచి పైకి చూశాడు. జీవితమంతా ఆ నీళ్ళ పక్కన నిలబడ్డవాళ్ళం ఇరవైమందిమి, ఆ కుర్రాడి మొహంకేసి చూస్తూ నిలబడ్డాం. మేస్త్రీ గారు వంగి, "ఏవంటందిరా?" అన్నాడు. వాడికి మా మాట వినబడటం లేదు.

"అది చెయ్యెత్తినవాళ్ళకే చెప్తుందండీ" అంది ఇందుమతి గారు. గింజల గిన్నె తెచ్చి పట్టుకుంది.

నేనొకటి తీసుకున్నాను. చెవిలో పెట్టుకుని, వాడి పక్కన బల్ల మీద ఇరుక్కుని కూర్చుని, రోజులో రెండోసారి చెయ్యెత్తాను. చెప్పండి, అంది చెవిలో ఒక గొంతు, మెత్తగా. ఏం అడగాలో తెలియక, "మావోడు అడిగిందే" అన్నాను. చెప్పింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో తెలియదు, అది పెద్ద ఏడవాల్సిన సంగతేం కాదు.

నిన్న ఆ వరసలో అయిదుగురు చేతులెత్తారు. పెద్దవాళ్ళలో నేను కాక ఇద్దరు. మేస్త్రీ గారు గింజ తీసుకుని అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్ళీ గిన్నెలో వేసేశాడు. ఆయన ఎత్తలేదని త్రినాథ్ కూడా ఎత్తలేదు. తాతవైపు చూస్తూనే ఉన్నాడు, చేతులు మాత్రం తీయలేదు.

నిశాంత్ ఇవాళ్టినుంచి ఆరేళ్ళ పిల్లలతో మొదటి వరసలో కూర్చుంటున్నాడు. మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయట. బూట్లు నొక్కుతున్నాయని కూడా తాయారుకి తనే చెప్పాడు. వాటిని తిరిగిచ్చేశాం.

తలుపులు ఊరికే దింపించినందుకు ఈ కాలమంతా నన్ను తూము మీంచి తీసేశారు. అది న్యాయమే. నా చోట పదకొండో తూముకి త్రినాథ్‌ని వేశారు. పొద్దున్నే వాడి గింజ తీసేశారు. వాడికి పని చూపించి రమ్మని మేస్త్రీ గారే నన్ను పంపాడు. పంపేముందు ఎటో చూస్తూ, "ఇంతకీ ఏమందిరా అది?" అన్నాడు. "మావోణ్ణి అడగండి, చెప్తాడు" అన్నాను. ఆయన అడగలేదు.

ఇప్పుడు త్రినాథ్ నా పక్కనే ఉన్నాడు. కొత్త బూట్లు, లడ్డూ అలాగే చేతిలో ఉంది, తినలేదు. చెవి అస్తమానం తడుముకుంటున్నాడు. పెట్టె ముందు మాట ఎలా చెప్పాలో చూపిస్తున్నాను. వాడు నన్నేమీ అడగడు. నేనూ వాణ్ణి అడగమని చెప్పను.

నీళ్ళు కట్ట మెడ దాకా వచ్చాయి. తలుపులు మూసే ఉన్నాయి. ఎందుకు పెరిగాయో చెప్తాను, పెట్టెకే చెప్తాను, కాస్త గట్టిగా. పక్కనున్నవాడు వింటే వింటాడు.

పైన చంద్రుడున్నాడు కదా.